ఏ అక్షరాలతో సంతకం పెట్టమంటారు?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఉన్న పర్లాకిమిడి బజారులో పదహారేళ్ళుగా నాది చిన్న ఆన్‌లైన్ షాపు. ఒక కంప్యూటరు, ఒక జెరాక్స్ మెషీను, వేలిముద్ర తీసుకునే డబ్బా, గోడకి ఆనించిన రెండు బల్లలు. ఆధార్‌లో తప్పులు, పింఛను, రేషను కార్డు, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, భూమి కాయితాలు, ఏది కావాలన్నా ఒక ఫారం నింపాలి. నింపుకోవడం రానివాళ్ళు నా దగ్గరికి వస్తారు. నా కూడూ గుడ్డా వాళ్ళకి చదువు రాకపోవడం మీదే నడుస్తోంది. అందుకే ఈ విషయం నేనే రాయాలనిపించింది.

పోయిన ఏడాది ఒక సంత రోజు, గుమ్మ వైపు కొండల నుంచి సవర అనే గిరిజన తెగ ఆవిడ ఒకామె చింతపండు బుట్ట దించి, మా షాపు అరుగు మీదే బేరం పెట్టింది. కొనేవాడు ఒడియా వ్యాపారి. ఏడు కిలోల ముప్పావు తూగింది. కిలో తొంభై. అతను ఆరువందల ఎనభై లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. ఆవిడ నోట్లు చూసి, కాసేపు పెదాలు కదిపి, ఒడియాలో అంది, ఇంకా పదిహేడున్నర రావాలని. నేను కంప్యూటర్లో వేసి చూశాను. 697 రూపాయల 50 పైసలు. పైసా తేడా లేదు. పక్కనున్న కూతురితో సవరలో ఏదో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో, "బాబూ, బేంకు కాయితం ఒకటి నింపాల" అంది.

మూడు భాషలు, మూడు నిమిషాలు. నేను ఫారం నింపి, సంతకం అని అనబోయే లోపే కుడిచేతి బొటనవేలు ముందుకు చాపింది. అంత అలవాటైపోయింది ఆ వేలికి.

2011 జనగణనలో మా గజపతి జిల్లా అక్షరాస్యత 53 శాతం చిల్లర. ఆడవాళ్ళలో 43. ఒడిశా మొత్తం చూస్తే దాదాపు 73. ఈ అంకెలు చూసి మా జిల్లాని "వెనకబడిన ప్రాంతం" అని రాసేవాళ్ళు చాలామంది. చింతపండు లెక్క తేల్చిన ఆవిడ కూడా ఆ అంకెల్లో నిరక్షరాస్యుల వైపే ఉండి ఉంటుంది. జనగణన లెక్క ప్రకారం ఏడేళ్ళు దాటిన మనిషి ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. ఏ భాషలోనైనా అన్న మాట వినడానికి ఎంత బాగుందో! మరి మా అమ్మ సంగతి చూడండి. తెలుగు గడగడా చదువుతుంది, రాస్తుంది. లెక్కలో అక్షరాస్యురాలు. బ్యాంకుకి వెళ్తే ఆ కాయితం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. అక్కడ ఆవిడా ఈవిడా ఒకటే. ఇద్దరూ పక్కవాణ్ణి బతిమాలుకోవాల్సిందే.

నేను చెప్పదలచుకున్నది ఇది. మా సరిహద్దులో చదువు రావడం, రాకపోవడం అన్నది బుర్రని బట్టి తేలలేదు. బడి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా పూర్తిగా తేలలేదు. బయట నుంచి ఎవరో వచ్చి ఇకనుంచి ఈ లిపి అని చెప్పిన ప్రతిసారీ, ఆ మార్పుకయ్యే ఖర్చు ఎవరు భరించారు అన్నదాన్ని బట్టి తేలింది. ఉన్నవాళ్ళు డబ్బుతో భరించారు. లేనివాళ్ళు పిల్లల చదువుతో భరించారు.

మా ఇంటి నుంచే మొదలుపెడతాను.

మా అమ్మ నాన్న, అంటే మా తాత, ఇదే ఊళ్ళో బియ్యం కొట్టులో గుమాస్తా. ఆయన చిన్నప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. బడిలో తెలుగు, కొట్టు చిట్టాలో తెలుగు, కోర్టు కాయితాల్లో తెలుగు. 1900లో వేసిన చిన్న రైలు ఎక్కితే నౌపడా, అక్కణ్ణుంచి మెయిన్ లైను, మొత్తం తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు ఒడిశాకి వచ్చింది, పాతపట్నం వైపు మద్రాసులో ఉండిపోయింది. ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టని దూరం. తాత అప్పటికే చదువు ముగించి కొట్టులో చేరాడు కాబట్టి ఆయనకి పెద్ద దెబ్బ తగల్లేదు. చచ్చేదాకా చిట్టా తెలుగులోనే రాశాడు.

దెబ్బ మా అమ్మకి తగిలింది. అమ్మ చదువుకునే నాటికి మా వీధికి దగ్గర్లో తెలుగు బడి అయిదో తరగతి దాకానే ఉండేది. ఆ తర్వాత హైస్కూలంటే ఒడియానే. అయిదో తరగతిలో క్లాసులో మొదటి పిల్ల, ఆరో తరగతిలో పలక పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అమ్మ ఇప్పటికీ ఒక సంగతి చెబుతుంది. మొదటిరోజు బోర్డు మీద పంతులుగారు ఒక గుండ్రం గీసి, ఇదేమిటని అడిగారట. అమ్మ ధైర్యంగా లేచి "సున్న" అంది. క్లాసంతా నవ్వింది. ఒడియాలో ఆ గుండ్రం "ఠ".

"ఆ నవ్వుకే నేను సగం చచ్చిపోయాను రా" అంటుంది అమ్మ.

నాలుగు నెలలు వెళ్ళింది. తర్వాత మానిపించారు. ఆడపిల్ల, పైగా అర్థం కాని చదువు, పుస్తకాలకి డబ్బు దండగ అనుకున్నారు. అప్పుడు మా పక్కింట్లో ఒక ప్లీడరు గారు ఉండేవారు. వాళ్ళ అమ్మాయి అమ్మ ఈడుదే, అదే తెలుగు బడి, అదే క్లాసు. అయిదో తరగతి అవగానే ఆ అమ్మాయిని శ్రీకాకుళంలో మేనమామ గారింటికి పంపేశారు. అక్కడ తెలుగులోనే పదకొండో తరగతి దాకా చదివి, తర్వాత విశాఖపట్నంలో డిగ్రీ చేసి, ఉద్యోగం చేసి రిటైరయ్యింది. ఆ వీధి చివర బండి తోలే అతని కొడుకు కూడా అదే క్లాసు. వాడు ఆరో తరగతి గడప కూడా తొక్కలేదు. ఒకే బడి, ఒకే పంతులు, ఒకే బల్ల. 1936లో ఎవరో గీసిన గీత ముగ్గురి మీదుగానూ పోయింది. ఒకరు దాన్ని దాటారు, ఒకరు దాని మీద కాలు పెట్టి జారారు, మూడోవాడు దాని దాకా కూడా రాలేదు. ముగ్గురికీ మధ్య ఉన్న తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, శ్రీకాకుళంలో అన్నం పెట్టి చదివించే మేనమామ ఉండటం, లేకపోవడం అని తప్ప నాకు వేరే జవాబు తోచదు.

ఇక్కడ ఒక మాట అనుకునేవాళ్ళు ఉంటారు. ఒడిశాలో ఉన్నప్పుడు ఒడియా నేర్చుకోవాలి కదా, దానికింత ఏడుపెందుకు అని. నేను నేర్చుకున్నాను. పదో తరగతి దాకా ఒడియా మీడియంలోనే చదివాను. ఈ రోజు నా షాపు నడుస్తోందంటే అది ఒడియా పెట్టిన భిక్షే. మాకు ఏడో తరగతిలో ఒడియా చెప్పిన పంతులుగారు సాయంత్రం ఇంటికి పిలిచి, తెలుగు పిల్లలకి విడిగా గుణింతాలు దిద్దించేవారు. ఆయన రుణం నేను తీర్చుకోలేను. ఆ భాష మీద నాకు ఏ కోపమూ లేదు.

పైగా ఇంకో న్యాయం కూడా చెప్పాలి. మద్రాసు రోజుల్లో ఇదే అన్యాయం ఒడియా వాళ్ళకి జరిగింది. గంజాం వైపు కచేరీల్లో, బడుల్లో తెలుగువాళ్ళ చలామణి ఎక్కువై, తమ భాష అణిగిపోతోందని వాళ్ళు మొత్తుకున్నారు. 1903లో ఒడియా వాళ్ళ సంస్థ ఉత్కళ సమ్మేళనం పుట్టడానికి ఆ బాధ ఒక పెద్ద కారణం. ఇప్పటికీ ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఇళ్ళలో ఒడియా మాట్లాడుకునే పిల్లలకి గీతకి అటువైపు నుంచి మా అమ్మ కష్టమే ఎదురవుతుంది. ఇటు మనవాళ్ళు, అటు వాళ్ళు. గీత ఎవరు గీసినా, దాని రెండు పక్కలా పేదవాడి ఇల్లే తగులుతోంది. నా తగాదా అక్కడ.

ఈ ఊరి నుంచి చదువు గురించి రాస్తూ గిడుగు వెంకట రామమూర్తి గారిని తలుచుకోకుండా ముందుకు వెళ్ళలేను. తెలుగు భాషా దినోత్సవం రోజు, అంటే ఆగస్టు 29న, ఆయన ఫోటోకి దండలు వేస్తారు. వాడుక భాష కోసం పోరాడాడని చెప్పి ఊరుకుంటారు. ఆయన ఆ పోరాటం ఏ ఊళ్ళో కూర్చుని చేశాడో, ఎవర్ని చూసి చేశాడో అన్నది చెప్పేవాళ్ళు తక్కువ.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు. ఇక 1936 దాకా ఈ ఊరే. ఆ రోజుల్లో తెలుగు పుస్తకాల భాష ఎవరూ ఇంట్లో మాట్లాడని భాష. పిల్లవాడు అమ్మ దగ్గర ఒక తెలుగు నేర్చుకుని బడికి వచ్చి, అది తప్పు, ఇది రైటు అనిపించుకుని ఇంకో తెలుగు నేర్చుకోవాలి. ఇంట్లో కావ్యాలు చదివే తండ్రి, చేతిలో నిఘంటువు, ఖాళీ సాయంత్రాలు ఉన్న పిల్లలకి అది వచ్చేది. పొలం నుంచి నేరుగా బడికొచ్చే పిల్లవాడికి అది పరాయి భాషే. మా అమ్మకి ఒడియా హైస్కూలు ఎలాంటిదో, వాడికి గ్రాంథికం అలాంటిది.

1906 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, మీరు మాట్లాడే తెలుగు ఒకటీ, పిల్లలకి చెప్పే తెలుగు ఇంకొకటీ ఎందుకని అడిగాడు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, ఇక్కడ గిడుగు వారు ఆ ప్రశ్నని పట్టుకున్నారు. ఇది నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. బయట నుంచి వచ్చినదంతా చెడ్డదని అనుకోకూడదు. మన ఇంట్లో అలవాటైపోయి మన కంటికి ఆనని అన్యాయాన్ని బయటివాడి కన్ను పట్టుకుంటుంది ఒక్కోసారి. అయితే ఆ దొర అడిగి వెళ్ళిపోయాడు. తిట్లు తిని, సభల్లో నిలబడి, పాతికేళ్ళకి పైగా మోసింది ఇక్కడి బడిపంతులు.

ఆయన సవరల కోసం చేసిన పని మాత్రం వాడుక భాష గొడవ కంటే ముందే మొదలైంది. కొండల నుంచి ఊళ్ళోకొచ్చే సవరల మాట విని, అది నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వాచకాలు, కథలు, పాటలు సవర భాషలో తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకి జీతాలిచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. తర్వాత్తర్వాత ఆయన రాసిన సవర వ్యాకరణం, నిఘంటువు మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నా మటుకు ఈ రెండు పనులూ ఒకటే పని. అమ్మ మాటలో చదువు మొదలవ్వాలి, అది బ్రాహ్మణ ఇంటి పిల్లవాడికైనా, కొండ మీది పిల్లవాడికైనా. ఆ కాలంలో ఒక బడిపంతులు తన జీతం రాళ్ళతో ఈ మాట నిరూపించాడు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవడానికి ఒప్పుకోలేక, డెబ్భై మూడో ఏట ఇల్లూ ఊరూ వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారాయన. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ బాధని చూసిన ప్రతిసారీ ఇంకో సంగతి కూడా మనసులో మెదులుతుంది. ఆయన వెళ్ళగలిగారు. వెళ్ళలేని తెలుగు ఇళ్ళు ఇక్కడే ఉండిపోయాయి, మాలాంటివి. సవరలు ఎక్కడికి వెళ్తారు? వాళ్ళ కొండలు గీతకి రెండువైపులా ఉన్నాయి.

అదే 1936లో, జూన్ నెలలో, గుణుపురం దగ్గర మంగేయి గొమాంగో అనే సవర పెద్దమనిషి సవరలకి సొంత లిపి ఇచ్చాడు. సొరంగ్ సొంపెంగ్ అంటారు. 24 అక్షరాలు. ఆయనకి ఆ అక్షరాలు దర్శనమిచ్చాయని ఆయన వెంట నడిచినవాళ్ళు నమ్ముతారు, అక్షరాలకి పూజ చేస్తారు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళు నాకు తెలుసు. నేను అలా అనలేను. అప్పటికి సవర భాషని గిడుగు వారు తెలుగు అక్షరాల్లో రాశారు. కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. కొత్త రాష్ట్రంతో ఒడియా అక్షరాలు వచ్చాయి. పంతులు ఒక అక్షరం తెచ్చాడు, పాదిరి ఒక అక్షరం తెచ్చాడు, సర్కారు ఒక అక్షరం తెచ్చింది. తెచ్చినవాళ్ళలో మంచివాళ్ళే ఎక్కువ. అయినా ప్రతి లిపి వెనకా ఇలా చదివితే మావాడివవుతావు అన్న మాట ఒకటి ఉంటుంది. ఎవరి వాడూ కాకుండా, తన వాడుగానే చదువుకోవాలని ఒక మనిషికి అనిపిస్తే, అక్షరం దేవుడిలా కనిపించడంలో వింతేముంది? 2012లో ఆ లిపి యూనికోడ్‌లో కూడా చేరింది. నా కంప్యూటర్లో ఫాంటు వేసుకుని ఒకసారి సవర కుర్రాడికి చూపిస్తే, తెర మీద వేలు పెట్టి, "ఇది మా తాతల బొమ్మలండీ" అన్నాడు. వాడికి అది చదవడం రాదు. వాడి బడిలో ఒడియా.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. 2004 నుంచి ఆంధ్రలో గిరిజన పిల్లలకి అమ్మ భాషలో చదువు మొదలుపెట్టే కార్యక్రమం ఒకటి నడిచింది. ఎనిమిది భాషలు, వాటిలో సవర ఒకటి. అది తెలుగు లిపిలో. 2006, 07 నాటికి ఒడిశా కూడా మొదలుపెట్టింది. పది భాషలు, వాటిలోనూ సవర ఉంది. అది ఒడియా లిపిలో. రెండూ మంచి పనులే. ఇంటి మాటలో పాఠం వింటున్న పిల్ల కళ్ళు ఎలా వెలుగుతాయో ఒకసారి చూస్తే ఇంక వాదన అక్కర్లేదు. కానీ ఒకే కొండకి అటు వాలున ఉన్న మేనత్త కూతురు సవరని తెలుగు అక్షరాల్లో నేర్చుకుంటుంది, ఇటు వాలున ఉన్న మేనమామ కూతురు ఒడియా అక్షరాల్లో నేర్చుకుంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సవరలో గలగలా మాట్లాడుకుంటారు. ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేరు.

మల్కనగిరిలో కోయలకీ ఇదే. గడ్చిరోలి జిల్లాలో సిరోంచ వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అనే పిల్లలకీ ఇదే.

చట్టంలో ఏమీ లేదా అంటే, ఉంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు అమ్మ భాషలో అందేలా ప్రతి రాష్ట్రమూ చూడాలని దాని సారం. అంతకు ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక బడిలో ఒక భాష పిల్లలు నలభై మంది, లేదా ఒక క్లాసులో పది మంది ఉంటే, వాళ్ళకి ఆ భాషలో చెప్పే పంతుల్ని కనీసం ఒకరినైనా వేయాలని. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు అమ్మ భాషలోనే చెప్పమంది. ఆ "వీలైనంతవరకు" అన్న ముక్క దగ్గరే మా పిల్లలు జారిపోయారు.

పది మంది అన్న లెక్క దగ్గర మాత్రం నేను ఆగాలి. ఎందుకంటే ఈ లెక్క చెడగొట్టింది సర్కారు ఒక్కటే కాదు, మేం కూడా. నా చిన్నప్పుడు మా వీధిలో తెలుగు ఇళ్ళు ఇరవైకి పైనే. పిల్లలు తక్కువేం లేరు. కానీ బంగారం కొట్టు వాళ్ళు, ప్లీడర్లు, కాంట్రాక్టర్లు, కాస్త చెయ్యి తిరిగిన ప్రతివాళ్ళూ పిల్లల్ని ఒక్కొక్కరినే తీసేశారు. కొందరిని శ్రీకాకుళం, విశాఖ హాస్టళ్ళకి, తర్వాత్తర్వాత ఇంకొందరిని ఇక్కడే ఇంగ్లీషు మీడియానికి. మిగిలింది బళ్ళు తోలేవాళ్ళ పిల్లలు, చేపలమ్మేవాళ్ళ పిల్లలు, మాలాంటి గుమాస్తాల పిల్లలు. క్లాసులో పదిమంది కాస్తా ఏడుగురయ్యారు. రిటైరైన తెలుగు పంతులు జాగాలో ఇంకొకరు రాలేదు. సభ పెట్టి, తెలుగు బడిని కాపాడుకోవాలని మైకులో ఉపన్యాసం ఇచ్చిన పెద్దలు చాలామందే ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఆ బడిలో లేరు. వాళ్ళ ప్రేమ అబద్ధమని నేను అనను. కానీ పేరు రాయాల్సిన చోట పిల్ల పేరు లేకుండా మైకులో ప్రేమ చూపిస్తే బడి నిలవదు. పలుకుబడి ఉన్న తండ్రి ఒక్కడు ఆ బడి గేటు దగ్గర నిలబడితే పంతులు వచ్చేవాడు. చేపలమ్మే తల్లి నిలబడితే, రేపు రమ్మంటారు.

ఇంత రాసి నా ఇంటి సంగతి దాచుకుంటే తప్పవుతుంది. నా కూతురు ఇంగ్లీషు మీడియంలో చదువుతోంది. డబ్బు కాస్త చేతిలో ఆడగానే నేనూ ఆ పనే చేశాను. తప్పు చేశానా అని రాత్రులు ఆలోచిస్తాను. దానికి ఉద్యోగం రావాలి, అది నాలా అరుగు మీద కూర్చోకూడదు. ఆ భయం ముందు నా వాదనలు ఏవీ నిలబడలేదు.

పోయిన దసరా సెలవులకి ముందు, హాస్టల్ నుంచి అది మా అమ్మ ఫోనుకి ఒక మెసేజ్ పెట్టింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోను దగ్గరికీ దూరానికీ పెట్టి చూసి, నా దగ్గరికి తెచ్చింది.

"బాబూ, గుంట ఏటో ఇంగ్లీషులో రాసింది. సదువు."

నేను చూశాను. ఇంగ్లీషు కాదు. మామ్మా, నీ చేతి అరిసెలు తినాలనుంది, శనివారం వచ్చేస్తున్నా, అని తెలుగే రాసింది, ఇంగ్లీషు అక్షరాల్లో. పైకి చదివాను. అమ్మ ముఖం విప్పారింది. మరుక్షణం ఆ ఫోను వైపు అదోలా చూసింది. "ఇది తెలుగా?" అంది.

అమ్మకి తెలుగు అక్షరాలు మాత్రమే వచ్చు. పిల్లకి ఇంగ్లీషు అక్షరాలు బాగా వచ్చు, బడిలో సెకండ్ లాంగ్వేజీ కాబట్టి ఒడియా అక్షరాలూ వచ్చు, తెలుగు అక్షరాలు రావు. మధ్యలో నేను, మూడూ వచ్చినవాణ్ణి, వాళ్ళిద్దరికీ కూడా నా షాపు తెరిచి కూర్చున్నాను. ఒక ఇల్లు, ఒక భాష, మామ్మకి మనవరాలు రాసిన ఉత్తరం మామ్మ చదవలేదు. మా ఇంట్లో ఎవరూ నిరక్షరాస్యులు కారని జనగణన వాళ్ళు రాసుకుని వెళ్ళారు.

ఈ మధ్య అమ్మకి వాయిస్ మెసేజ్ నేర్పించాం. కొండ మీది నుంచి హైదరాబాద్, విజయవాడ పనులకి వెళ్ళిన కుర్రాళ్ళు కూడా ఇంటికి అలాగే మాట పంపుతున్నారు. ఇంక చదువుతో పనేముంది, ఫోనే అన్నీ చేస్తుంది అనే కస్టమర్లు నాకు రోజూ తగులుతారు. మాట పంపడానికి ఫోను చాలు, నిజమే. కానీ కూలి ఎంత రాసుకున్నారో, అడ్వాన్సు కాయితంలో ఏముందో, ఓటీపీతో పాటు వచ్చిన ఆ నాలుగు లైన్లలో ఏం హెచ్చరిక ఉందో, అవన్నీ ఇంకా అక్షరాల్లోనే ఉన్నాయి. పేదవాడి చేతికి గొంతు ఇచ్చి, అవతలివాడు అక్షరం తన దగ్గరే ఉంచుకుంటున్నాడు. పోయిన వేసవిలో పనికి వెళ్తున్న ఒక కుర్రాడు సంతకం పెట్టేసిన కాయితాన్ని జెరాక్స్ తీయమని తెచ్చాడు. ఏముందో తెలుసా అని అడిగితే, మేస్త్రీ చెప్పాడండీ అన్నాడు. అందులో రాసిన రోజులూ మేస్త్రీ చెప్పిన రోజులూ ఒకటి కావు.

నేను కోరేది పెద్దదేం కాదు. మొదటి అయిదేళ్ళు ఏ పిల్లకైనా ఇంటి మాటలో చదువు, ఆ పక్కనే రాష్ట్ర భాష మెల్లగా, తర్వాత ఇంగ్లీషు. ఈ క్రమం కుదిరే పనేనని ఈ ఊళ్ళోనే ఒక పంతులు వందేళ్ళ కిందట చేసి చూపించాడు. పదిమంది లెక్క వద్దు, ముగ్గురున్నా పంతులు కావాలి, వారానికి రెండు రోజులు వచ్చి వెళ్ళే పంతులైనా సరే. గీతకి ఆవలి బడిలో ఉన్న తెలుగు పంతులు ఇటు, ఇటు ఉన్న ఒడియా పంతులు అటు వెళ్ళి చెప్పేలా రెండు రాష్ట్రాలూ ఒక కాయితం రాసుకుంటే చాలు. నదిలో నీళ్ళ కోసం కూర్చుని మాట్లాడుకుంటున్నవాళ్ళు పలక కోసం కూర్చోలేరా? సవర పిల్లలకి ఏ లిపి అన్నది మాత్రం సవర పెద్దలే తేల్చుకోవాలి. అక్కడ నాలాంటివాడు నోరు మూసుకోవాలి.

చింతపండు ఆవిడ మళ్ళీ వచ్చింది, ఈ జూన్‌లో. కూతుర్ని హాస్టల్లో వేయాలని ఫారం. పేరు, ఊరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు. ఒక్కొక్కటీ అడిగి నింపుతున్నాను. "మాతృభాష" అన్న గడి వచ్చింది. నాకు తెలుసు కానీ అడగాలి కదా అని అడిగాను.

"మీ ఇంట్లో ఏ బాస మాటాడుకుంటారమ్మా?"

ఆవిడ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల నేల చూసింది. తర్వాత ఆవిడ గడి మీద ఉన్న నా పెన్ను వైపు చూస్తూ మెల్లగా అంది.

"ఏది రాస్తే సీటొస్తాదో, అది రాసీ బాబూ."

సవర అని రాశాను. రాసింది చదివి వినిపించాను. కింద తల్లి సంతకం దగ్గర వేలు చాపబోతుంటే, ఆ పిల్ల నా చేతిలోంచి పెన్ను తీసుకుని, తల్లి చేతిలో పెట్టి, వేళ్ళు సర్ది, పట్టుకుంది. ఒడియా అక్షరాల్లో, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, గడి దాటిపోయి, ఒక పేరు వచ్చింది. నేను స్కానర్ మూత ఎత్తి పట్టుకుని, సిరా ఆరేదాకా ఆగాను.